క్లౌన్‌ఫిష్ అనెమోన్‌లోకి వెళ్ళడం లేదు, ఏం చేయాలి?

మూడు వారాలైనా మీ ఒసెల్లారిస్ క్లౌన్‌ఫిష్ జంట బబుల్ టిప్ అనెమోన్ (పువ్వులా కనిపించే, కుట్టే సముద్ర జీవి) దగ్గరికే పోవడం లేదని, రోజంతా పంపు పక్కన మూలనే ఉంటున్నాయని అడిగారు. మా ట్యాంకులోనూ అచ్చం ఇలాగే నెలల తరబడి సాగింది, ఇప్పుడు రెండూ అందులోనే పడుకుంటున్నాయి. మూడు వారాలకే ఆశ వదులుకోకండి.

ముందు ఒక విషయం. సముద్రంలో ఒసెల్లారిస్‌లు ఉండేది మాగ్నిఫికా అనే అనెమోన్‌లోనూ, గైగాంటియా, మెర్టెన్సీ అనే రెండు కార్పెట్ అనెమోన్లలోనూ. బబుల్ టిప్‌లో కనిపించేవి ఎక్కువగా మెరూన్, టొమాటో క్లౌన్లు. క్లార్కీ క్లౌన్ అయితే ఏ అనెమోన్‌నీ కాదనదు. పైగా ఇప్పుడు దొరికే ఒసెల్లారిస్‌లు చాలావరకు ట్యాంకుల్లో పుట్టినవే. సముద్రంలో ఇవి గుడ్లు పెట్టేది అనెమోన్ మొదట్లో, దాన్ని ఆనుకుని ఉన్న రాయి మీద. పిల్లలకు ఆ వాసన అక్కడే అలవాటవుతుంది. మీ చేపలకు ఆ అవకాశమే దక్కి ఉండదు. అయినా చివరికి బబుల్ టిప్‌ను ఒప్పుకునేవి చాలానే ఉన్నాయి. అందుకని మాగ్నిఫికాకో గైగాంటియాకో మారిపోదామనుకోవద్దు, వాటిని బతికించడం చాలా కష్టం. గైగాంటియా చిన్న చేపల్ని పట్టి తినేస్తుంది కూడా.

నన్నడిగితే, ముందు చూడాల్సింది చేపల్ని కాదు, అనెమోన్‌ని. పాదం రాతి సందులో గట్టిగా పట్టుకుందా? నోరు బిగుసుకుని ఉందా, తెరుచుకుని వేలాడుతోందా? తెల్లగా పాలిపోయిందా? పాలిపోయిందంటే దానిలో ఉండే ఆల్గే (సన్నటి నాచు) పోయినట్టు, మంచి వెలుతురూ తిండీ లేకపోతే కోలుకోదు. మాది తెచ్చిన కొత్తలో రాళ్ళ మీద తిరిగి తిరిగి, చివరికి పైన లైటుకి దగ్గరగా ఒక సందు వెతుక్కుంది. అలా తిరిగినన్నాళ్ళూ చేపలు దాని జోలికే పోలేదు. అది నిండుగా విప్పుకోవడం మొదలయ్యాకే చుట్టూ తచ్చాడాయి. ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీల మధ్య, ఉప్పు సాంద్రత 1.025 దగ్గర నిలకడగా ఉంచండి. అంకె కొంచెం అటూఇటూ అయినా ఫరవాలేదు, రోజూ మారుతూ ఉండటమే దానికి పడదు. వారానికోసారి చిన్న రొయ్య ముక్క పెడితే చాలు. కొసల్లో బుడగలు పోయి వేళ్ళలా సాగినా కంగారుపడొద్దు, బబుల్ టిప్‌లలో అది మామూలే. చేపలకు జబ్బు చేసిందని రాగి మందు మాత్రం ఆ ట్యాంకులో ఎప్పుడూ వేయకండి, అనెమోన్ బతకదు.

ఇక చేపల సంగతి. వలతో తరిమి అనెమోన్ మీదకి తోయడం నాకు ససేమిరా ఇష్టం లేదు. బెదిరిన చేప ఆ చోటికే దూరమవుతుంది. నాకు పనిచేసింది పంపు దిశ మార్చడం. అవి నిద్రపోయే మూలలో నీటి వేగం పెంచి, అనెమోన్ ఉన్న వైపు నెమ్మదిగా పారేలా తిప్పాను. నేరుగా అనెమోన్‌కి తగిలేలా పెడితే మళ్ళీ అదే లేచి నడుస్తుంది, అది చూసుకోండి. సాయంత్రం లైటు తగ్గాక తిండి కూడా అనెమోన్ పక్కనే వేస్తూ వచ్చాను. ముందు కదిలింది ఆడదే. జంటలో పెద్దదీ పెత్తనం దానిదే కాబట్టి, అది ఒప్పుకుంటే మగది వెనకాలే వస్తుంది. కొత్తింటి గడపలో కాలు పెట్టినట్టు, తోక తాకించి వెనక్కి, పొట్ట రుద్ది వెనక్కి వచ్చేది. అప్పుడు చేయి పెట్టకండి. ఒంటి మీది జిగురు అనెమోన్‌కి అలవాటుపడేది అలా తాకుతూ తాకుతూనే. మొదట్లో కాస్త కుట్టించుకున్నా తట్టుకుంటాయి.

గాజుకి అనెమోన్ ఫోటో అంటిస్తే పనిచేసిందనేవాళ్ళున్నారు. నేనూ అంటించి చూశాను, మావి దాని వైపు తిరగనే లేదు. రెండు చేపల్నీ అనెమోన్‌నీ రంధ్రాలున్న పెట్టెలో రాత్రంతా కలిపి ఉంచే పద్ధతి కూడా ఉంది. రాతిలో పాదం దిగిన అనెమోన్‌ని అందుకోసం పీకితే పాదం చిరిగిపోతుంది. అలా చేయొద్దు. అది పెట్టెలోనే చిన్న రాయి మీద ఉంటే వేరే మాట.

ఈలోగా చేపలు ట్యాంకులోని ఏ హ్యామర్ కోరల్‌లోనో లెదర్ కోరల్‌లోనో (ఇవి పగడాల రకాలు) చేరితే గమనిస్తూ ఉండండి. అస్తమానం రుద్దడం వల్ల కోరల్ ముడుచుకుపోతుంటే దాన్ని వేరే చోటికి మార్చాలి. అనెమోన్ విషయంలోనూ అంతే. విప్పుకున్నప్పుడు చేప పొడవుకి రెండింతలైనా లేకపోతే ఆ దూకుడికి తట్టుకోలేదు, కాస్త పెరిగేదాకా మధ్యలో అడ్డం పెట్టండి.

చేపలు చేరిన కొత్తలో వాటి తాకిడికి అనెమోన్ మళ్ళీ చోటు మార్చవచ్చు. పంపు నోటికి స్పాంజి గానీ జాలీ గానీ ఇప్పుడే బిగించండి. అనెమోన్ అందులో ఇరుక్కుంటే దాని ముక్కలతో నీళ్ళు పాడై ట్యాంకు మొత్తానికే ముప్పు.