క్రూజ్‌కి ముందు కోవిడ్ పాజిటివ్ వస్తుందేమోనని టెన్షనా? మా అలాస్కా ప్రయాణం కథ ఇదీ

మీరు అడిగింది: "ఇంకో పన్నెండు రోజుల్లో సియాటిల్ నుంచి అలాస్కా క్రూజ్ ఉంది. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు. ఆఫీసులో పక్క సీటు అతనికి కోవిడ్ వచ్చిందట. మాకూ వస్తే డబ్బులు పోతాయా? ఇప్పుడే టెస్ట్ చేసుకోవాలా, వద్దా? నిద్ర పట్టడం లేదు."

నిద్ర పట్టకపోవడం నాకు బాగా తెలుసండీ. 2022 జూన్‌లో మా ఇంట్లో ఎవరు తుమ్మినా మిగతా ఐదుగురం తిరిగి చూసేవాళ్లం. మేముండేది న్యూజెర్సీలో. రాజమండ్రి నుంచి అత్తయ్య, మామయ్య వచ్చారు. మావారు, నేను, ఇద్దరు పిల్లలు. ఆరుగురికి జూన్ 19 ఆదివారం సియాటిల్‌లో ఓడ ఎక్కి, అలాస్కా ఊళ్లు జూనో, స్కాగ్వే, కెచికాన్ చూసుకుని, కెనడాలోని విక్టోరియా మీదుగా వెనక్కి రావడం. ఒమిక్రాన్ జోరు మీదున్న జనవరిలో టికెట్లు చవగ్గా కనిపిస్తే బుక్ చేసేశాం. వేసవికల్లా అంతా సర్దుకుంటుందిలే అన్నది మావారి ధీమా.

అప్పటి రూల్స్ ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ అప్పుడు నవ్వు రాలేదు. టీకా సర్టిఫికెట్ ఉండాలి. అత్తయ్య వాళ్లవి కోవిషీల్డ్, కోవిన్ ప్రింటవుట్లు ఒప్పుకున్నారు. దాంతోపాటు ఓడ ఎక్కే ముందు రెండు రోజుల లోపల యాంటీజెన్ (నిమిషాల్లో ఫలితం చెప్పే కిట్), లేదంటే మూడు రోజుల లోపల పీసీఆర్ (ల్యాబ్ టెస్ట్) నెగటివ్ రిపోర్టు కావాలి. ఇంట్లో మనంతట మనం చేసుకున్న టెస్ట్ చెల్లదు. వీడియో కాల్లో ఒక మనిషి చూస్తుండగా చేసుకోవాలి. పైగా కెనడా రూల్స్ వేరే. అమెరికాలో బయల్దేరి అమెరికాకే వచ్చే ఓడకి కెనడా రూల్ ఎందుకని మామయ్య అడిగారు. 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల మధ్య ప్రయాణికుల్ని తిప్పాలంటే మధ్యలో వేరే దేశం రేవుని తాకాలి. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే సియాటిల్ ఓడలు ఎక్కువగా విక్టోరియాలో కాసేపు ఆగి వస్తాయి. "పాపికొండల లాంచీకి ఇంత గొడవ లేదమ్మా" అన్నారాయన.

ఇక మా తప్పు. జూన్ 4 శనివారం స్నేహితుల అమ్మాయి ఓణీల ఫంక్షన్. హాల్లో రెండొందల మంది. వెళ్లొద్దని నేను, వెళ్లకపోతే బాగోదని అత్తయ్య. చివరికి మాస్కులు పెట్టుకుని వెళ్లి, అక్షింతలు వేసి, గిఫ్ట్ ఇచ్చి వచ్చేద్దామనుకున్నాం. పూతరేకులు కనిపించాక మాస్కులు ఎక్కడుంటాయి? మంగళవారం రాత్రికి మావారికి గొంతు గరగర. బుధవారం పొద్దున ఇంట్లో ఉన్న కిట్‌తో చూస్తే రెండో గీత. లేతగా ఉంది. లేతగా ఉన్నా గీత గీతే.

ఓడ ఎక్కడానికి సరిగ్గా పదకొండు రోజులుంది. ఆ లెక్కే మమ్మల్ని కాపాడిందని తర్వాత తెలిసింది. ఆ పొద్దున మాత్రం నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. జబ్బు గురించి కాదు, నిజం చెప్పాలంటే. మావారికి మూడు డోసులు పడ్డాయి, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది, అంతే. నా ఏడుపంతా డబ్బు గురించి, అత్తయ్య మళ్లీ ఎప్పుడొస్తారో అని, పిల్లలు గోడకి అంటించుకున్న తిమింగలం బొమ్మ గురించి.

ఆ సాయంత్రం ఒక స్నేహితురాలు ఫోన్ చేసి, "ఇంట్లో చేసుకున్న టెస్టే కదా, ఎవరికి తెలుస్తుంది? పది రోజుల్లో పోతుంది, నోరు మూసుకుని ఉండండి" అంది. ఒక గంటసేపు నాకూ అది మంచి సలహాగానే అనిపించింది. ఒప్పుకుంటున్నాను. మామయ్య వినేసి, "2020లో జపాన్ దగ్గర ఆపేసిన ఓడ మర్చిపోయారా?" అన్నారు. డైమండ్ ప్రిన్సెస్ సంగతి. యోకొహామా రేవులో 3,711 మంది ఉన్న ఓడలో 712 మందికి అంటుకుంది. ఆయన దాన్ని టీవీలో రోజూ చూశారు. అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

దాచకపోవడం వల్ల మంచే జరిగింది. రూల్స్ మళ్లీ చదివితే, కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లకి వేరే దారి ఉందని తెలిసింది. పాజిటివ్ వచ్చి పదకొండు రోజులు నిండి తొంభై రోజుల లోపు ఉంటే, ఆ పాత రిపోర్టు, ఇప్పుడు తగ్గిందని డాక్టర్ ఇచ్చే ఉత్తరం చూపిస్తే చాలు, నెగటివ్ అక్కర్లేదని మా క్రూజ్ కంపెనీ రాసింది. కెనడా అయితే పది రోజుల నుంచి 180 రోజుల వరకూ ఒప్పుకునేది, కానీ అది పీసీఆర్ లాంటి ల్యాబ్ టెస్టే అయ్యుండాలి. మా చేతిలో ఉన్నది వంటింటి గట్టు మీద ప్లాస్టిక్ ముక్క. మావారిని అప్పటికప్పుడు పీసీఆర్ కోసం అర్జెంట్ కేర్ క్లినిక్‌కి తరిమాను. శాంపిల్ తేదీ జూన్ 8 పడింది. ఒక్కరోజు బద్ధకించి 9న వెళ్లి ఉంటే లెక్క పది రోజులే అయ్యేది, ఓడ వెళ్లిపోయేది. పీసీఆర్ చాలా రోజులు, ఒక్కోసారి నెలలు కూడా పాజిటివ్ చూపిస్తుంది కాబట్టి, మళ్లీ నెగటివ్ కోసం దాని వెంట పడొద్దని డాక్టర్ కూడా చెప్పారు.

మావారు బేస్‌మెంట్‌లోకి దిగిపోయారు. మెట్ల మీద కంచం పెట్టి తలుపు కొట్టి పైకి పరుగెత్తేవాళ్లం. అత్తయ్య మిరియాల చారు, వాము ఆవిరి, రాత్రికి పసుపు పాలు. అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కు. నేనేమో కిటికీలన్నీ తెరిచి, మిగిలిన ఐదుగురికి రెండు రోజులకోసారి కిట్లు. జనవరి నుంచి ప్రభుత్వం పోస్టులో ఇంటికి నాలుగేసి చొప్పున ఉచితంగా పంపినవి దాచి ఉంచాను, అవి అప్పుడు పనికొచ్చాయి. అందరికీ నెగటివే. ఎందుకు రాలేదో నాకిప్పటికీ అర్థం కాదు. అత్తయ్యకి మాత్రం సందేహం లేదు, అంతా స్వామి చలవే.

శుక్రవారం 17న వీడియో టెస్ట్. ఆ గంట గురించి ఒక పుస్తకం రాయొచ్చు. క్యూలో ఎదురుచూసి ఎదురుచూసి లైన్ కలిశాక, అవతలి అమ్మాయి "కిట్ కెమెరాలోంచి కదలకూడదు" అంటుంది. మామయ్యకి ఆ యాస అర్థం కాక కిట్ ఎత్తి ఆవిడకి దగ్గరగా చూపిస్తారు. ముక్కులో పుల్ల ఐదు చుట్లు తిప్పమంటే ఆయన గట్టిగా లెక్కపెడుతూ తిప్పారు, తెలుగులో. తర్వాత పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలు అత్తయ్య కళ్లు మూసుకునే కూర్చున్నారు. ఒక్క గీతే.

ఆదివారం రేవులో కౌంటర్ దగ్గర మావారి ఉత్తరాన్ని ఒకావిడ రెండు నిమిషాలు చదివింది. తేదీలు వేళ్ల మీద లెక్కపెట్టింది. "వెల్కమ్ అబోర్డ్" అంది. అంతే. పదకొండు రోజుల టెన్షన్ అక్కడ దిగిపోయింది.

ఇప్పుడు మీ సంగతి. ఆ రోజుల రూల్స్ చాలావరకు పోయాయి. క్రూజ్ ఓడల కోసం అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ నడిపిన కోవిడ్ ప్రోగ్రామ్ 2022 జూలై 18న ముగిసింది. కెనడా కూడా అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి ఆంక్షలు ఎత్తేసింది. ఓడ ఎక్కడానికి టెస్ట్ కాగితం ఇప్పుడు మామూలుగా ఎవరూ అడగరు. మీ కంపెనీ పంపిన మెయిల్ ఒకసారి చూసుకోండి చాలు. కానీ ఎక్కేటప్పుడు ఆరోగ్యం గురించి ఫారం ఇస్తారు. జ్వరం, దగ్గు ఉందా అని అడిగితే అబద్ధం రాయకండి. నడి సముద్రంలో బయటపడితే కేబిన్‌లోనే కూర్చోబెడతారు. ఓడలో డాక్టర్ బిల్లు కూడా తక్కువేం ఉండదు. మీ అమ్మానాన్నలకి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ ఓడలోనూ, కెనడాలోనూ పనిచేస్తుందో లేదో ఇవాళే ఫోన్ చేసి కనుక్కోండి. మాది అమెరికా నేల మీదే పనిచేస్తుందని చివర్లో తెలిసింది, పరుగులు పెట్టాం.

టెస్ట్ ఇప్పుడే చేసుకోవాలా అంటే, చేసుకోండి. వాయిదా వేస్తే జబ్బు రాకుండా పోదు, మీ చేతిలో ఉన్న రోజులే తగ్గుతాయి. ఒమిక్రాన్ వచ్చాక అంటుకున్న మూడు నాలుగు రోజుల్లోనే లక్షణాలు బయటపడుతున్నాయి. అతన్ని చివరిసారి ఎప్పుడు కలిశారో లెక్కేసుకోండి. ఒక్క నెగటివ్ చూసి పండగ చేసుకోకండి. లక్షణాలుంటే 48 గంటల తేడాతో రెండుసార్లు, ఏ లక్షణాలూ లేకపోతే మూడుసార్లు చేసుకోమని అమెరికాలో మందులకి, టెస్ట్ కిట్లకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ చెబుతోంది. పన్నెండు రోజులంటే మీకు బోలెడు టైమ్ ఉంది. ఇవాళ పాజిటివ్ వచ్చినా ఓడ బయల్దేరే లోపల తగ్గే అవకాశమే ఎక్కువ. జ్వరం మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకుండా, లక్షణాలు తగ్గుముఖం పడితే మామూలు పనులు చేసుకోవచ్చని, ఆ తర్వాత ఐదు రోజులు మాస్క్ లాంటి జాగ్రత్తలు పాటించమని 2024 మార్చి నుంచి సీడీసీ సలహా. ఓడ మీద ఆ జాగ్రత్తలు నిజంగా పాటించండి, బఫే లైన్లో ముసలివాళ్లే ఎక్కువ.

మీ నాన్నగారికి అరవై ఐదు దాటితే తొందరగా తేల్చుకోవడానికి ఇంకో కారణం ఉంది. ప్యాక్స్‌లోవిడ్ అనే కోవిడ్ మాత్రలు లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపే మొదలుపెట్టాలి. కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో, రక్తం పలచబరిచే మందులతో అది పడదు. ఆయన వాడే మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టర్‌కి చూపించండి. ఇండియా బ్రాండ్ పేర్లు ఇక్కడి వాళ్లకి తెలియవు, లోపలి మందు పేరు రాయండి.

డబ్బు మాటకొస్తే, మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంటే జబ్బు చేసి ఆగిపోయినప్పుడు డాక్టర్ కాగితం అడుగుతారు, కిట్ ఫొటో చాలదు. ఏ కారణానికైనా కాన్సిల్ చేసుకోవచ్చనే పాలసీ అయితే ఎక్కువగా మొదటి పేమెంట్ కట్టిన రెండు మూడు వారాల్లోపే కొని ఉండాలి, ముప్పావు వంతు దాకా వెనక్కి వస్తుంది, అదీ బయల్దేరడానికి రెండు రోజుల ముందు చెబితేనే. మీ దగ్గర ఏదీ లేకపోతే క్రూజ్ కంపెనీకి ముందే ఫోన్ చేసి, జబ్బు చేస్తే తేదీ మారుస్తారా, క్రెడిట్ ఇస్తారా అని అడిగి, జవాబు మెయిల్లో తీసుకోండి. మేం ఆ ఫోన్ చేసిన రాత్రే నాకు మొదటిసారి నిద్ర పట్టింది. పాజిటివ్ వస్తే ఏం చేయాలో ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను.

ఇంకోటి. అల్మారాలో పాత కిట్లుంటే పెట్టె మీద తేదీ దాటిందని పారేయకండి, చాలావాటికి ఎఫ్‌డీఏ గడువు పెంచింది. వాళ్ల సైట్లో కిట్ పేరు, లాట్ నంబర్ వెతికి చూడండి. నాలుగు కిట్లు హ్యాండ్ బ్యాగ్‌లో వేసుకోండి, చెకిన్ లగేజ్‌లో వద్దు. రేవు దగ్గర ఇచ్చేసిన పెద్ద పెట్టెలు మా కేబిన్‌కి రాత్రి భోజనాలయ్యాక గానీ రాలేదు.