టెక్ సందేహాలు: బొమ్మకి తల మార్చడానికి బ్లెండర్ ఎందుకండీ?

రెండు నెలల కింద ఎవరికో త్రీడీ ప్రింటర్ గురించి జవాబు రాస్తూ మాటవరసకి "నేనైతే దీంతో ఆట బొమ్మలు ప్రింట్ చేసుకుంటా" అన్నా, అంతే, అప్పట్నుంచి అవే మెయిల్స్. వైఫై స్లో, ఫోన్ వేడెక్కుతోంది అనేవాళ్లు ఈసారికి నన్ను క్షమించాలి, ఈ వారం మొత్తం బొమ్మలకే.

సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పేస్తా. స్కిర్మిష్ వార్‌గేమ్ అంటే టేబుల్ మీద చిన్న చిన్న గోడలూ చెట్లూ పేర్చుకుని, ఇంచుల టేపుతో కొలుచుకుంటూ బొమ్మల్ని జరుపుతూ, పాచికలేసి కొట్టుకునే ఆట. పెద్ద వార్‌గేముల్లో అయితే బొమ్మలు వందల్లో కావాలి, ఇందులో మనిషికి ఐదు నుంచి పన్నెండు చాలు. 2015లో ఆస్ప్రే వాళ్లు తెచ్చిన ఫ్రాస్ట్‌గ్రేవ్ ఉంది చూడండి, ఒక మాంత్రికుడు, ఒక శిష్యుడు, కూలికొచ్చిన సైనికులు ఓ ఎనిమిది మంది, అంతే జట్టు, పైగా ఏ కంపెనీ బొమ్మలైనా పర్లేదు. ఒక్కో బొమ్మ మన బొటనవేలి పై కణుపంత ఉంటుంది. ఉన్నవి పదే కాబట్టి ఒక్కోదాని మీద ప్రాణం పెడతారు, దీని తల దానికి, దాని చెయ్యి దీనికి, ఈ కోసి అతికించడాన్నే కన్వర్షన్ అంటారు.

ప్రశ్న: కూకట్‌పల్లిలో డబుల్ బెడ్‌రూం ఫ్లాట్ సార్. ఎనిమిదేళ్ల పాప ఉంది. ఈ బొమ్మల కోసం రెసిన్ ప్రింటర్ కొని బాల్కనీలో పెడదామనుకుంటున్నా. 4కే చాలా, 12కే తీసుకోవాలా?

4కే, 12కే అంటే ప్రింటర్ తెర మీద పిక్సెళ్ల లెక్క, అది తర్వాత చూద్దాం, ముందు బాల్కనీ సంగతి. రెసిన్ ప్రింటర్ అంటే ట్యాంకులో పోసిన రెసిన్ ద్రవాన్ని కింద తెర మీది కాంతితో పొర పొరగా గట్టిపరుస్తూ బొమ్మ చేసే మెషిన్. రెసిన్ గట్టిపడేది 405 నానోమీటర్ల కాంతికి, ఎండలో ఆ కాంతి కావాల్సినంత ఉంటుంది, అంటే మీరు మధ్యాహ్నం ఆఫీసులో మీటింగులో ఉంటే ఇక్కడ ట్యాంకులో రెసిన్ మెల్లగా గడ్డ కట్టడం మొదలెడుతుంది. పైగా డిసెంబర్ రాత్రుళ్లు హైదరాబాద్ బాల్కనీలో చలికి రెసిన్ చిక్కబడి బొమ్మ పైనున్న ప్లేటుని వదిలేసి కింద ట్యాంకు అడుగునుండే ఫిల్ముకి అతుక్కుపోతుంది, 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటేనే అది బుద్ధిగా ఉంటుంది. బాల్కనీ కుదరదు, మరి వంటగదిలో? అస్సలు వద్దు. ప్రింట్ కడిగే ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దాని ఆవిరి మామూలు గది వేడిలోనే అంటుకుంటుంది, గ్యాస్ పొయ్యి పక్కన ఆ డబ్బా మూత తీయడమంటే ఇక చెప్పేదేముంది. గట్టిపడని రెసిన్ చర్మానికి పదే పదే తగిలితే ఒకరోజు ఉన్నట్టుండి అలర్జీ మొదలవుతుంది, ఆ తర్వాత కాస్త తగిలినా దద్దుర్లే, అందుకని నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. వాటర్ వాషబుల్ రెసిన్ అంటే నీళ్లతో కడగొచ్చనే గానీ ఆ నీళ్లు సింకులో పొయ్యొచ్చని కాదు, వాటిని ఎండలో పెట్టి లోపలున్న రెసినంతా గట్టిపడ్డాక వడకట్టాలి.

కిటికీ ఉండి, తలుపుకి గడియ పడే గది ఒకటి విడిగా ఉంటే కొనండి. లేదంటే పాప కొంచెం పెద్దయ్యేదాకా ప్లాస్టిక్ బొమ్మల పెట్టెలే కొనుక్కోండి, పది బొమ్మల కోసం ఇంత తంటా నిజంగా అవసరమా అని నా అనుమానం. ప్లాస్టిక్ తీగని కరిగించి పొరలు పేర్చే ఫిలమెంట్ ప్రింటర్ ఆల్రెడీ ఉంటే 0.2 మిల్లీమీటర్ల నాజిల్ వేసి చూడండి, గోడలూ శిథిలాలూ భేషుగ్గా వస్తాయి, మొహాలు మాత్రం సోసోగా ఉంటాయి.

ఇక కే గొడవ. తెర వెడల్పుని పిక్సెళ్ల సంఖ్యతో భాగించండి, వచ్చేదే అసలు లెక్క. 143 మిల్లీమీటర్ల తెర మీద 3840 పిక్సెళ్లుంటే ఒక్కోటి 37 మైక్రాన్లు, 218 మిల్లీమీటర్ల మీద 11520 ఉంటే 19. మన వెంట్రుకే దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది, మీద రెండు పూతల ప్రైమరు (రంగు పట్టడానికి ముందేసేది), మూడు పూతల పెయింటు పడ్డాక ఆ తేడా కనిపెట్టేవాడుంటే నాకు చూపించండి.

ప్రశ్న: టెక్సస్‌లో ఫ్రిస్కో నుంచి రాస్తున్నా అన్నా. నా దగ్గర 28 ఎంఎం మెటల్ సైనికులున్నారు. ఆన్‌లైన్‌లో కొన్న ఎస్‌టీఎల్ (త్రీడీ ప్రింట్ చేసే బొమ్మ) ఫైల్లో తలలు చాలా బాగున్నాయి కానీ అవి 32 ఎంఎం. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే తలలు మార్చగలనా, ఎన్ని రోజులు పడుతుంది?

తమ్ముడూ, బ్లెండర్ నేర్చుకో, మంచిదే, కానీ ఈ పనికి మాత్రం అక్కర్లేదు. నీ సైనికుడు మెటల్, తల ఫైలు, ఆ రెండిటినీ కంప్యూటర్లో ఎలా కలుపుతావు చెప్పు? తల మట్టుకు స్లైసర్‌లో, అంటే ఫైలుని ప్రింటర్ కోసం పొరలుగా కోసిచ్చే సాఫ్ట్‌వేర్‌లో, చిన్నది చేసి ప్రింట్ కొట్టి చేత్తో అతికించాలి. ఎంత చిన్నది అంటావా, లెక్క ప్రకారం 28ని 32తో భాగిస్తే 87.5 శాతం, కానీ ఆ లెక్కని నమ్మొద్దు, ఎందుకంటే ఒక కంపెనీ 28ని అరికాలు నుంచి కళ్ల దాకా కొలిస్తే ఇంకో కంపెనీ నడినెత్తి దాకా కొలుస్తుంది, పైగా ఈ ఆటల్లో చాలా బొమ్మలకి తలలూ చేతులూ కావాలనే కాస్త పెద్దగా చెక్కుతారు. ఒకే ప్లేటు మీద 80, 85, 90, 95 శాతాల్లో నాలుగు తలలు పెట్టి కొట్టు, నాలుగు తలలకీ కలిపి రెసిన్ ఎంతవుతుందని, చుక్క కూడా కాదు. మొండెం మీద ఒక్కోటీ బ్లూ టాక్ అనే జిగురు ముద్దతో నిలబెట్టి మూరెడు దూరం నుంచి చూడు, ఏది సరిపోయిందో నీ కన్నే చెప్తుంది. ఒక్కటి గుర్తుపెట్టుకో, తల చిన్నదైనప్పుడు దాని మీదున్న ఈకలూ కొమ్ములూ కూడా సన్నబడతాయి, 0.6 మిల్లీమీటర్ల కొమ్ము 85 శాతంలో అరకి దిగుతుంది, ముట్టుకుంటే పుటుక్కుమంటుంది.

అతికించడం నేనెలా చేస్తానో చెప్తా. పాత తలని గడ్డం కింద నుంచి సన్న రంపంతో కోస్తా, కట్టర్‌తో మెటల్ కొయ్యబోతే బ్లేడు విరిగి కళ్లల్లోకి ఎగురుతుంది, జాగ్రత్త. మెడ కోసిన చోట ఉప్పు కాగితంతో చదును చేసి, నట్టనడుమ గుండుసూదితో చిన్న గుంట పెట్టి, చేత్తో తిప్పే డ్రిల్లుంటుంది చూడు, పిన్ వైస్ అంటారు, దాంట్లో 0.8 మిల్లీమీటర్ల బిట్టు వేసి మూడు మిల్లీమీటర్లు దింపుతా. ఆ రంధ్రంలోకి జెమ్ క్లిప్ తీగ ముక్క, అది లావనిపిస్తే గుండుసూదే తల తీసేసి. ఇప్పుడు చిక్కేంటంటే కొత్త తల అడుగున సరిగ్గా ఎక్కడ రంధ్రం పెట్టాలో తెలియదు, దానికో కిటుకుంది, తీగ చివర చుక్క రంగు పెట్టి తలని మెల్లగా ఆనించి తీస్తే అక్కడ బొట్టు పడుతుంది, ఆ బొట్టు మీదే డ్రిల్ చెయ్. తర్వాత ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ ఒక్క చుక్క, అదీ టూత్‌పిక్ కొసతో. ప్లాస్టిక్ సిమెంటు దీనికి పనికిరాదు, అది పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ని కరిగించి కలిపేస్తుంది గానీ రెసిన్నీ మెటల్‌నీ ఏమీ చెయ్యదు.

మెడ దగ్గర మిగిలిన సందుకి పుట్టీ. గ్రీన్ స్టఫ్ అంటే పసుపు పచ్చ ముద్ద ఒకటి, నీలం ముద్ద ఒకటి, కలిపి పిసికితే ఆకుపచ్చవుతుంది, ఆరినా కాస్త సాగే గుణం ఉంటుంది కాబట్టి కండువాలూ వెంట్రుకలూ దాంతో బాగా వస్తాయి, కాకపోతే రుద్దితే నున్నగా రాదు. ఇండియాలో ఉన్నవాళ్లకి పైపులకి పెట్టే ఎం-సీల్ చాలు, అది రాయిలా గట్టిపడి ఉప్పు కాగితానికి చక్కగా అరుగుతుంది, రాళ్లూ, బొమ్మ కింది పీటలూ చెయ్యడానికి నాకు అదే ఇష్టం, మొహాలకి మాత్రం పలుకు తగులుతుంది. పనిముట్టు తడిగా ఉంచుకుంటే పుట్టీ వేళ్లకి అంటదు. ఇందులో విదేశీ విద్య ఏమీ లేదు, కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేతులూ కాళ్లూ విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికించి, సందులు పూడ్చి, సున్నం పూత వేశాకే రంగులేస్తారు, మక్కు అంటే మన గ్రీన్ స్టఫ్, సున్నం అంటే మన ప్రైమర్.

మరి బ్లెండర్ ఎప్పుడంటావా, తలా మొండెం రెండూ ఫైళ్లే అయినప్పుడు. అప్పుడు ఒకదాన్ని ఇంకోదానికి ఆనించి వదిలేయకుండా కొంచెం లోపలికి దూర్చి, రెండిటినీ ఒకే ఆకారంగా కలిపేసే బూలియన్ యూనియన్ కొట్టాలి. మెష్ అంటే ఫైల్లో బొమ్మ పైతొడుగు, దాన్ని కుండ అనుకో, ఎక్కడా చిల్లుండకూడదు, చిల్లున్న ఫైలు స్లైసర్‌కి పంపితే ఏది లోపలో ఏది బయటో దానికి అర్థం కాక మధ్యలో పొరలు మాయం చేస్తుంది. బ్లెండర్‌కి విడిగా జోడించుకునే త్రీడీ ప్రింట్ టూల్‌బాక్స్ ఈ చిల్లుల్ని వెతికి పెడుతుంది. ఇంతోటి పనికి రెండు వీకెండ్లు చాలు.

ప్రశ్న: వైజాగ్ నుంచి. స్ప్రే ప్రైమర్ కొడితే బొమ్మలు ఇసక చల్లినట్టు గరుగ్గా వస్తున్నాయి, ఒకసారేమో తెల్లగా బూజు పట్టినట్టు వచ్చింది. డబ్బాలో లోపమా? ఎయిర్‌బ్రష్ కొనాలా?

ఇవి రెండూ వేర్వేరు జబ్బులండీ. గరుగ్గా వచ్చిందంటే రంగు గాల్లోనే ఆరిపోయి పొడిగా పడిందని, ఎండలో కొట్టినా మరీ దూరం నుంచి కొట్టినా ఇదే అవుతుంది, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో డబ్బా కదుపుతూ పొట్టి పొట్టిగా కొట్టండి, కొట్టేముందు రెండు నిమిషాలు బాగా ఊపండి. తెల్లగా మసక పడిందంటే అది తేమ పని, స్ప్రేలో ఉండే సాల్వెంట్ ఆవిరవుతూ బొమ్మని చల్లబరుస్తుంది, గాల్లో తేమ ఎక్కువుంటే ఆ చల్లదనానికి పూత మీద చేరి పాలలా చేస్తుంది, సముద్రం పక్కనున్నారు కాబట్టి మీకు ఏడాదిలో సగం రోజులు ఇదే గోల. నాకూ జరిగింది, ఒక ఆగస్టు సాయంత్రం వాన వెలిసిందని నమ్మి, మూడు వారాలు కూర్చుని వేసిన మాంత్రికుడి మీద మ్యాట్ వార్నిష్ కొట్టా, పది నిమిషాల్లో వాడి నల్ల అంగీ మీద విబూది పూసినట్టయింది. మర్నాడు దాని మీదే మెరిసే గ్లాసీ వార్నిష్ బ్రష్‌తో పల్చగా వేస్తే చాలావరకు తేరుకుంది గానీ అంగీ ముడతల్లో ఇంకా ఆ తెలుపు ఉంది, ఆట మధ్యలో వాడు చచ్చినప్పుడల్లా నాకు పెద్ద బాధేం ఉండదు.

గాల్లో తేమ చూపించే చిన్న హైగ్రోమీటర్ ఒకటి కొనుక్కోండి, 60 శాతం దాటితే డబ్బా ముట్టుకోవద్దు. పది బొమ్మలే కాబట్టి బ్రష్‌తో వేసే ప్రైమర్ అయితే ఏ వానాకాలమైనా బాధ లేదు. ఎయిర్‌బ్రష్, అంటే గాలితో రంగు చిమ్మే పెన్నులాంటిది, మంచిదే, 0.3 మిల్లీమీటర్ల నీడిల్, ట్యాంకున్న కంప్రెసర్, 15 నుంచి 20 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి, కానీ నిజం చెప్పాలంటే అది కొన్నవాళ్లు రంగులు వేసేదానికంటే నాజిల్ కడిగేదే ఎక్కువ. ఎలా వేసినా ముందు మొత్తం నలుపు, ఆరాక నడినెత్తి వైపు నుంచి తెలుపు, ఈ పద్ధతి మట్టుకు తప్పకుండా చెయ్యండి. పైనుంచి వెలుగు పడ్డట్టు నీడలు వాటంతటవే వచ్చేస్తాయి, దాని మీద కాంట్రాస్ట్ రకం, అంటే గుంటల్లో ముదురుగా ఎత్తుల్లో లేతగా పట్టే పల్చటి రంగులు ఒక్క పూత వేస్తే చాలు, బొమ్మ ఆటకి రెడీ.

ప్రశ్న: ఫోన్‌లో ఫోటో తీస్తే ఏ పెయింట్ వాడాలో చెప్పే యాప్స్ ఉన్నాయి కదా, ఏది కచ్చితంగా చెప్తుంది? నేను వేసిన ఎరుపు ఫోటోలో ఆరెంజ్‌లా పడుతోంది.

మీ ఫోన్‌కే ఎరుపు ఆరెంజ్‌లా కనిపిస్తుంటే దాని మాట విని రంగు కొంటే ఎలాగండీ? తప్పు యాప్‌ది కాదు, పసుపు బల్బుది. సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందనే లెక్క) 90 పైన, 5000 కెల్విన్ (పగటి వెలుగులాంటి తెలుపు) దగ్గర ఉన్న ఎల్ఈడీ టేబుల్ లైట్ కొనండి, రంగులేసేదీ ఫోటో తీసేదీ దాని కిందే. ఫోటోకి బొమ్మ మీదకి ఫోన్ తోసేయకుండా రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెట్టండి, వెనకాల బూడిద రంగు చార్ట్ పేపర్, ఫోన్ తనంతట తను రంగులు మార్చకుండా వైట్ బ్యాలెన్స్ లాక్. యాప్ మీ దగ్గర ఏ సీసాలున్నాయో రాసి పెట్టుకోడానికి మాత్రం బాగుంటుంది, నేను ఒకే బ్రౌన్ మూడుసార్లు కొన్నా.

అన్నట్టు లైటు కంటే ముందు ఇంకోటి, రంగులేసేప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. యాక్రిలిక్ పెయింటు బ్రష్ కొస మీదే ఆరిపోయి గీతలు గీతలుగా పడేది దానివల్లే. చెమటలు పడతాయి, తెలుసు. ఫ్యాన్ ఆపలేకపోతే వెట్ ప్యాలెట్ చేసుకోండి, మూతున్న టిఫిన్ బాక్సులో వంటింటి స్పాంజి, స్పాంజి మునగకుండా నీళ్లు, పైన బేకింగ్‌కి వాడే బటర్ పేపర్, రంగు రెండు మూడు గంటలు పాలలా పల్చగానే ఉంటుంది. వారానికోసారి స్పాంజి ఉతకకపోతే మన ఎండలకి కంపు కొడుతుంది.

ప్రశ్న: ఫోటో ఇస్తే ఎస్‌టీఎల్ చేసిచ్చే ఏఐ సైట్లు వాడొచ్చా? కొన్న ఫైల్స్ ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టొచ్చా?

ఏఐకి కనబడేది ముందువైపే, వీపు దాని ఊహ. నేను చూసిన వాటిల్లో వేళ్లు అతుక్కుపోతాయి, కత్తి అరచేతిలో కరిగిపోయి ఉంటుంది, రాతి విగ్రహాలకీ రాక్షసులకీ అయితే నడుస్తుంది. ఇక కొన్న ఫైలు గ్రూపులో పెట్టొద్దు, చాలావరకు అవి మీ ఒక్కరి సొంత వాడకానికని రాసే అమ్ముతారు. ఫ్రెండ్‌కి అంత నచ్చితే మీ ఇంటికి పిలిచి మీ బొమ్మలతోనే ఆడించండి, ఎలాగూ రెండో జట్టు కావాలి కదా.