బాల్ పైథాన్ ఎలుక ముడుతలేదా?

తమ్మీ, నీ రెండేండ్ల బాల్ పైథాన్‌కు (ఇంట్ల సాదుకునే ఆఫ్రికా కొండచిలువ) వారం వారం ఎలుక పెడుతున్న, మూడు వారాల సంది ముడుతలేదు అన్నవు. పరేషాన్ గాకు, దానికి ఆకలైతలేదంతే. పిల్లప్పుడు ఐదారు రోజులకోసారి సరే. ఏడాది దాటినంక పది, పద్నాలుగు రోజులు. పూర్తిగ పెరిగినంక రెండు మూడు వారాలకోసారి చాలు. ఎలుక దాని నడుమంత లావుంటే సరిపాయె.

చలికాలంల నెలలకొద్దీ తినకపోవుడు కూడా మామూలే, బరువు తగ్గనంత వరకు. వారానికోసారి తూకమేసి రాసిపెట్టు. మిర్యాలగూడల ఎండలకు గాదు, డిసెంబర్ రాత్రులకే జాగ్రత్త: పాముండే డబ్బాల ఒక దిక్కు 31 డిగ్రీల వెచ్చదనం లేకుంటే తిన్నది అరగదు, కక్కుతది. తిన్నంక రెండు రోజులు చేతుల పట్టకు.

చేన్ల దొరికిన జెర్రిపోతును గూడ సాదుతా అన్నవు, అది మాత్రం వద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసైతది.