ముందు హెర్మన్ దాకా తొక్కి చూడు

చిరంజీవి చిన్నాకి,

పెదనాన్న ఆశీస్సులు. వారెన్స్‌బర్గ్‌లో సెమిస్టర్ అయిపోగానే, మిస్సోరీ రాష్ట్రంలోని కేటీ ట్రైల్ అనే సైకిళ్ల దారి మొత్తం నాలుగు రోజుల్లో తొక్కేస్తామని మీ నాన్నతో అన్నావట. క్లింటన్ నుంచి మేషెన్స్ దాకా దాదాపు 240 మైళ్లురా. మన విజయవాడ నుంచి విశాఖ కంటే ఎక్కువ.

"అంతా చదునే కదా" అంటావు. చాలామటుకు నిజమే, అది ఒకప్పటి రైలు కట్ట. మిస్సోరీ–కాన్సాస్–టెక్సాస్ లైనులో ఇక్కడి చాలా భాగం 1986 వరదల తరవాత మూతపడితే, పట్టాలు తీసి సున్నపురాయి పొడి పరిచారు. కానీ ఆ చదునే మోసం చేస్తుంది. దిగుడు ఉంటే కాసేపు కాళ్లు ఆపుకోవచ్చు. ఇక్కడ గంటసేపు వెళ్లాలంటే గంటసేపూ తొక్కాల్సిందే. కాళ్లకంటే ముందు కూర్చునే చోటు మొర పెడుతుంది. మొదటిసారి నేను మూడో రోజు భోజనం నిలబడే చేశాను.

అందుకని ఈసారికి నా మాట విను. సైకిళ్లకి కూడా ముందే చోటు బుక్ చేసుకుని, వారెన్స్‌బర్గ్‌లో ఆమ్‌ట్రాక్ రైలు ఎక్కి జెఫర్సన్ సిటీలో దిగండి. మిస్సోరీ నది వంతెనకి పక్కనే సైకిళ్ల దారి ఉంది, దాటితే ట్రైల్. అక్కణ్నుంచి తూర్పుగా మెకిట్రిక్‌కి 42 మైళ్లు. గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది కాబట్టి వీపున తోస్తుంది. మళ్లీ వంతెన దాటితే హెర్మన్, జర్మన్లు కట్టుకున్న ఊరు. రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు రైల్లో తిరిగి రావచ్చు.

నీళ్ల దగ్గర మాత్రం లెక్క తప్పొద్దు. ఒకసారి సోమవారం నాడు, దారిలో ఉన్న కొట్టును నమ్ముకుని ఒకే బాటిల్‌తో బయల్దేరాను. తలుపుకి తాళం. తరవాతి ఊరు చేరేసరికి నాలుక అట్టకట్టింది. పల్లెల్లో చాలా కొట్లు శని, ఆదివారాలు కాని రోజుల్లో తెరవరు. మనిషికి మూడు బాటిళ్లు పెట్టుకోండి. పులిహోర కట్టుకోండి, ఎండకి పాడవదు. పెరుగన్నం జోలికి పోవద్దు.

సన్న టైర్ల సైకిలు వద్దు. వాన పడితే ఆ పొడి తడిపిన ముగ్గుపిండిలా చైనుకి పట్టేస్తుంది, తొక్కుతుంటే కరకరమంటుంది. సాయంత్రం పాత బనీను గుడ్డతో తుడిచి, రెండు చుక్కలు నూనె వెయ్యి. గడ్డిలో కూర్చుంటే టిక్స్, అదే రక్తం పీల్చే చిన్న పురుగులు, పడతాయి, స్నానానికి ముందు మోకాళ్ల వెనక చూసుకోండి. దురద పుట్టించే మూడేసి ఆకుల తీగ (పాయిజన్ ఐవీ) కనిపిస్తే ముట్టుకోవద్దు.

కొండ కింద రోచ్‌పోర్ట్ సొరంగం అందంగా ఉంటుంది గానీ, అది జెఫర్సన్ సిటీకి అవతలి వైపు. దానికి ఇంకోసారి వెళ్దాం, నేనూ వస్తాను.

నా పంపు, స్పేర్ ట్యూబులు పంపిస్తాను. మీ టైర్ల సైజు టైరు పక్కనే రాసి ఉంటుంది, ఫోటో తీసి పెట్టు.

ఇట్లు,
మీ పెదనాన్న