కుడివైపు నొప్పి అని చెప్పలేని వయసులో అపెండిసైటిస్

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. పోయిన నెల కడుపునొప్పి, వాంతులు, జ్వరం వస్తే మొదటి రోజు అజీర్తి అని మందిచ్చారు. మూడో రోజుకు అపెండిక్స్ పగిలిందని ఆపరేషన్ చేశారు. కుడివైపు నొప్పి అని వాడు ఒక్కసారీ చెప్పలేదు, బొడ్డే చూపించాడు. పాపకు రెండున్నరేళ్లు. తనకూ వస్తే ముందే ఎలా పసిగట్టాలి?

జవాబు: గుర్తించలేకపోయామని మీరు కుమిలిపోకండి. ఐదేళ్లలోపు పిల్లల్లో అపెండిసైటిస్ (పెద్దపేగుకు వేలాడే అపెండిక్స్ అనే చిన్న గొట్టం వాచడం) అరుదు. వచ్చినప్పుడు మాత్రం సగానికి పైగా పిల్లల్లో, బయటపడేసరికే అపెండిక్స్ పగిలి ఉంటుంది.

బాబు బొడ్డు చూపించడంలో అబద్ధం లేదు. మొదట్లో నొప్పి నిజంగానే బొడ్డు చుట్టూ తెలుస్తుంది. వాపు కడుపు లోపలి పొరకు తగిలాకే కుడివైపు కిందికి దిగుతుంది. ఆ మార్పును చిన్నపిల్లలు మాటల్లో చెప్పలేరు. పైగా పెద్దవాళ్లలో పేగుల మీది కొవ్వు పొర వచ్చి వాచిన చోటును చుట్టేస్తుంది. పసివాళ్లలో అది పల్చగా, పొట్టిగా ఉంటుంది కాబట్టి చీము కడుపంతా పాకిపోతుంది.

అందుకే మాటల కంటే కదలికలు చూడండి. మామూలు కడుపునొప్పితో ఉన్న పిల్లలు మెలికలు తిరుగుతారు. అపెండిసైటిస్‌లో కదిలితే నొప్పి కాబట్టి మోకాళ్లు ముడుచుకుని కదలకుండా పడుకుంటారు. ఎత్తుకోబోతే, డైపర్ మార్చడానికి కాళ్లు లేపితే ఏడుస్తారు. నడిస్తే వంగి, కుడికాలు కుంటుతూ నడుస్తారు. తుంటి నొప్పేమోనని పొరబడేది ఇక్కడే. నాలుగేళ్ల పిల్లలనైతే గెంతమనండి. ఒక్క గెంతుకే ఆగిపోయి పొట్ట పట్టుకుంటే అనుమానించాలి.

ఏది ముందు వచ్చిందో గుర్తుపెట్టుకోండి. అపెండిసైటిస్‌లో సాధారణంగా నొప్పి ముందు, వాంతి తర్వాత. కడుపులో ఇన్ఫెక్షన్ అయితే తరచు వాంతులతోనే మొదలవుతుంది. పసివాళ్లలో ఈ వరస తప్పవచ్చు కూడా. విరేచనాలు ఉన్నాయి కదా, అపెండిక్స్ కాదులే అని వదిలేయకండి. వాచిన అపెండిక్స్ మలాశయాన్ని ఒరుసుకుంటే కొద్దికొద్దిగా, మాటిమాటికీ విరేచనం అవుతుంది.

అపెండిసైటిస్‌కు వాడుకలో ఉన్న '24 గంటల నొప్పి' అన్న పేరు విని 24 గంటలు ఆగొద్దు. నాలుగైదు గంటలుగా నొప్పి తగ్గకుండా, తిండి ముట్టకుండా, కదలనివ్వకుండా ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నొప్పి ఉన్నట్టుండి తగ్గి, తర్వాత జ్వరం పెరిగి పొట్ట ఉబ్బితే అది నయమవడం కాదు, పగిలిన గుర్తు కావచ్చు. విరేచనాల మందు, ఎనిమా, ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ ఇవ్వకండి. పారాసెటమాల్ ఒక మోతాదు ఇవ్వవచ్చు, దానివల్ల జబ్బు మరుగున పడదు. కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, అంటే 12 కిలోల పాపకు 180. సిరప్‌ల గాఢత వేరువేరుగా ఉంటుంది, సీసా మీద చూసి లెక్కకట్టండి.

ప్రశ్న: మా అమ్మాయికి అల్ట్రాసౌండ్‌లో అపెండిక్స్ కనిపించలేదన్నారు. అంటే జబ్బు లేనట్టేనా?

జవాబు: కాదు. అపెండిక్స్ కనిపించి, 6 మిల్లీమీటర్లు మించకుండా, నొక్కితే అణుగుతూ ఉంటే ధైర్యంగా ఉండవచ్చు. గ్యాస్ అడ్డొచ్చినా, అది పెద్దపేగు వెనక దాగినా స్కాన్‌కు దొరకదు. అనుమానం మిగిలితే కొన్ని గంటల్లో, వీలైతే అదే డాక్టరు మళ్లీ పొట్ట నొక్కి చూడాలి, అవసరమైతే మళ్లీ స్కాన్ చేయాలి. రక్తపరీక్షల్లో తెల్లకణాలు, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే పరీక్ష) తొలి గంటల్లో మామూలుగానే ఉండవచ్చు. అపెండిక్స్ మూత్రాశయాన్ని ఆనుకుని ఉంటే మూత్రంలో కొద్దిగా చీముకణాలు వస్తాయి. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని అక్కడితో ఆగిపోవడం తరచు జరిగే పొరపాటు.

అపెండిసైటిస్ అవునా కాదా అని అంచనా వేయడానికి డాక్టర్లు వాడే 10 పాయింట్ల స్కోరు నాలుగేళ్లు దాటిన పిల్లల కోసం తయారైంది. నొప్పి చోటు మారిందా, తినాలని ఉందా వంటివి అందులో ఉంటాయి కాబట్టి అంతకంటే చిన్నవాళ్లలో దాన్ని పూర్తిగా నమ్మలేం. ఊపిరితిత్తుల కుడి కింది భాగంలో న్యుమోనియా ఉన్నా నొప్పి కడుపులోనే చెబుతారు, ఛాతీ వినాలి. మగపిల్లల్లో వృషణాలు తప్పక చూడాలి, మెలిపడితే గంటల వ్యవధే ఉంటుంది.