తోటకు వచ్చిన చుట్టాలు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన కథా అందాయి. కార్తీకమాసంలో ఒక శని, ఆదివారాలు అమలాపురం దగ్గర తాతగారి కొబ్బరితోటలో బంధువులందరూ కలిసి గడపడాన్ని కథగా రాశావు. మంచి వస్తువు ఎంచుకున్నావు. నైరుతి వానలు వెనకబట్టి, చలి ఇంకా ముదరని ఆ రోజుల్లో, సొంత నేల మీద నలుగురినీ కూర్చోబెట్టి అన్నం పెట్టుకోవాలన్న కోరిక మన వైపు చాలా కుటుంబాల్లో ఇప్పటికీ బలంగానే ఉంది. హైదరాబాదులో శుక్రవారం రాత్రి గౌతమి రైలెక్కి, తెల్లవారుజామున రాజమండ్రిలో దిగి, కళ్ళు నులుముకుంటూ తోట చేరే మనుషులను నువ్వు ప్రేమతో చూశావు. ఆ ప్రేమ కథంతా కనబడుతోంది.

అయితే నీ బంధువులు కారు దిగేసరికి అక్కడ అన్నీ తయారుగా ఉన్నాయి. జంపఖానాలు పరిచి ఉన్నాయి, పొయ్యి మండుతోంది, పులిహోర కలిపి ఉంది. ఇవన్నీ ఎవరు, ఎప్పటినుంచి, ఏ ఆందోళనతో చేశారో కథలో ఎక్కడా లేదు. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. చుట్టాలను పిలిచిన కథను పిలిచినవాళ్ళ పనిలోంచి మొదలుపెట్టాలి. వచ్చినవాళ్ళకు ఆ రెండు రోజులూ విశ్రాంతి, పిలిచినవాళ్ళకు అవి పదిహేను రోజుల పనికి ముగింపు. కుటుంబంలో ఎవరికి ఎవరి మీద ఏముందో బయటపడేది ఆ పదిహేను రోజుల్లోనే.

ఉదాహరణకు దింపు సంగతి తీసుకో. కొబ్బరితోటలో ముప్పై మందిని కూర్చోబెట్టాలంటే ముందుగా దింపు తీయించాలి, అంటే మనిషిని చెట్లెక్కించి కాయలు దించాలి. ముదిరిన కాయ, ఎండిన మట్ట ఎప్పుడు రాలుతుందో ఎవరూ చెప్పలేరు కనుక, పిల్లలు ఆడుకునే చోట అవి నెత్తి మీద వేలాడుతుండగా ఏ ఇల్లాలూ స్థిమితంగా వడ్డించలేదు. సాధారణంగా నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి దింపు తీస్తారు. చుట్టాల కోసం దాన్ని ముందుకు జరపాలంటే చెట్టెక్కే మనిషిని బతిమాలుకోవాలి, ఇంకా ముదరని కాయ వల్ల వచ్చే నష్టానికి ఒప్పుకోవాలి. ఈ విషయం మీద మీ నాన్నగారికీ బాబాయికీ ఫోనులో నాలుగు మాటలు జరిగి ఉంటాయి. ఆ నాలుగు మాటలు నీ కథలో మొదటి పేజీ కావచ్చు.

అలాగే, ఉసిరిచెట్టు నీడలో అందరూ బారులు తీరి భోజనం చేశారని రాశావు. ఉసిరిచెట్టును ఒకసారి దగ్గరగా చూడు. దాని ఆకు చింతాకుకంటే సన్నం, కొమ్మ పల్చన, మధ్యాహ్నం దాని కింద నిలబడితే ఎండ చుక్కలు చుక్కలుగా ఒంటి మీద పడుతూనే ఉంటుంది. అందుకే మనవాళ్ళు ఉసిరి మొదట్లో పూజ చేసి, దీపం పెట్టి, వండినవి కాసేపు అక్కడ ఉంచి, తినడానికి మాత్రం మామిడిచెట్టు కిందకో పాకలోకో వెళ్తారు. చెట్టే లేని తోటల్లో ఒక కొమ్మ తెచ్చి నేలలో గుచ్చుకుంటారు. ఆ కొమ్మను పొద్దున్నే ఎవరింటి పెరట్లోంచి అడిగి తెచ్చారన్నది కూడా కథే. ఇలాంటి చోట పాఠకుడు నిన్ను ఒక్కసారి నమ్మాడంటే, ఆ తరువాత నువ్వు మనుషుల గురించి చెప్పేది కూడా నమ్ముతాడు.

వంట దగ్గర ఇంకాస్త ఆగాలి నువ్వు. నీ కథలో వంటకాల పేర్లు వరసగా ఉన్నాయి గాని ఒక్కటి కూడా ఉడకలేదు. తోటలో ఇంతమందికి వండాలంటే గాడిపొయ్యి తవ్వుతారు. కార్తీకంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి పొయ్యి నోరు అటు వచ్చేలా గాడి తీస్తారు. పొగ నైరుతికి పోతుంది, జంపఖానాలు అటువైపు వేయరు. రాత్రి మంచుకు తడిసిన కొబ్బరి మట్టలు వెంటనే అంటుకోవు, పొగ మాత్రం విపరీతంగా వస్తుంది. అందుకని తెలిసినవాళ్ళు ముందురోజు సాయంత్రమే కట్టెలు పాకలో వేసుకుంటారు. మీ అమ్మగారు తెలిసినవారో కారో ఈ ఒక్క పనితో చెప్పవచ్చు. ఆవిడ రాత్రి తొమ్మిదింటికి టార్చి పట్టుకుని కట్టెల మీద టార్పాలిన్ కప్పడానికి వెళ్ళిందంటే, పొద్దున్న ఏమవుతుందో ఆవిడకు ముందే తెలుసన్నమాట.

కందబచ్చలి కూరను ఒక్క వాక్యంలో దాటేశావు. కార్తీక వంటల్లో నాకు దానికి మించినది లేదు కనుక కొంచెం విస్తరిస్తాను. కంద చెక్కు తీసేవాళ్ళు ముందుగా చేతులకు నూనె రాసుకుంటారు, లేకపోతే దురద మోచేతుల దాకా పాకుతుంది. ముక్కలు మెత్తగా ఉడికి, బచ్చలి అందులో కలిసిపోయి, చింతపండు పులుసు పోశాక కూర దగ్గరపడుతుంది. పోపు వేసి దించేశాక, వేడి తగ్గేవరకు ఆగి, అప్పుడు నూరిన ఆవ కలపాలి. తొందరపడి పొయ్యి మీద ఉండగానే కలిపితే కూరంతా చేదెక్కుతుంది. పెద్ద గుండిగతో వండినప్పుడు ఆ వేడి తగ్గడానికి చాలాసేపు పడుతుంది. అవతల ఆకులు వేసి అందరూ కూర్చున్నారు, పిల్లలు ఏడుస్తున్నారు, మావయ్యలు గడియారం చూసుకుంటున్నారు, ఇవతల ఒక మనిషి ఆవ గిన్నె చేత్తో పట్టుకుని గుండిగ పక్కన నిలబడి ఉంది. నిలబడింది ఇంటి కోడలైతే ఆ ఆలస్యం ఒకలా వినిపిస్తుంది, పుట్టింటికి వచ్చిన ఆడపడుచైతే మరోలా వినిపిస్తుంది. ఎవరిని నిలబెట్టాలో నిర్ణయించుకోవలసింది నువ్వే.

ఇక చెట్ల సంగతి. తోట నిండా తాతగారు చిన్నప్పుడు నాటిన చెట్లే ఉన్నాయని రాశావు. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లను కూల్చింది. అప్పుడు ఏ చెట్లు నిలిచాయో, ఏవి తరువాత నాటినవో మీ పెద్దవాళ్ళకు వరసవరసగా తెలుసు. అడుగు. అక్కడ చాలా కుటుంబాల్లో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, అప్పులు అన్నీ తుపానుకు ముందు, తుపానుకు తరువాత అని గుర్తుపెట్టుకుంటారు. తోటలో నడుస్తూ ఒక పెద్దాయన ఒక చెట్టు దగ్గర ఆగాడంటే ఎందుకు ఆగాడో నీకు తెలిసి ఉండాలి, కథలో చెప్పకపోయినా సరే.

ఇప్పుడు నీ కథలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన చోటికి వస్తాను. పెద్దత్తయ్య పెళ్ళి 1983లో, చిన్నత్తయ్య పెళ్ళి 1987లో జరిగాయని మాటవరసకు రాశావు. నువ్వు ఆలోచించి పెట్టిన సంవత్సరాలో కాదో తెలియదు గాని, ఆ రెండింటి మధ్య ఒక గీత ఉంది. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణను 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి తెచ్చారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంటుందని అది చెప్పింది. కాని ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళను బయట ఉంచింది. అంటే ఆ తోట పిత్రార్జితమైతే, ఒకే జంపఖానా మీద కూర్చున్న అక్కచెల్లెళ్ళలో చెల్లెలికి ఉన్న హక్కు అక్కకు ఇరవై ఏళ్ళపాటు లేదు. 2005లో కేంద్రం తెచ్చిన సవరణ పెళ్ళి తేదీ పట్టింపును తీసేసింది, అయితే 2004 డిసెంబరు 20కి ముందే పూర్తయిన పంపకాల జోలికి పోలేదు. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురి హక్కు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో చెప్పింది.

ఈ చట్టాన్ని కథలో ఎవరి నోటా ఉపన్యాసంగా పలికించమని చెప్పడం లేదు. కాని ఈ సంగతి తెలిసిన రచయిత్రి చేతిలో ఆ భోజనం మారిపోతుంది. 'ఎప్పుడు రావాలనిపించినా వచ్చేయండి అక్కయ్యా, ఇది మీ ఇల్లే' అని మీ నాన్నగారు నీ కథలో అన్నారు. ఆ మాట నిజమైన ప్రేమతోనే అని ఉంటారు. అది విన్న పెద్దత్తయ్య ఏం ఆలోచించింది? చిన్నత్తయ్య ఎప్పుడో ఒకసారి సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వచ్చి, తన హక్కు వదులుకుంటున్నట్టు రాసిన కాగితం చదవకుండా సంతకం పెట్టి వెళ్ళిందా? పెడితే ఎవరు అడిగారు, ఆ రోజు ఆవిడకు పెట్టిన చీర ఏ రంగుది? పుట్టింటి తోటలో రెండు రోజులు గడిపి, వెళ్ళేటప్పుడు రెండు కొబ్బరికాయలూ ఒక అరటిగెలా కారు డిక్కీలో పెట్టించుకుని వెళ్ళే ఆడపడుచు మనసులో కృతజ్ఞతా కొరతా రెండూ ఉంటాయి. అవి ఒకదాన్నొకటి చెరుపుకోవు. రెండింటినీ ఒకే వాక్యంలో నిలపగలిగితే నీ కథ నిలుస్తుంది.

మరొక మనిషిని నువ్వు పూర్తిగా మరచిపోయావు. తోట పక్కన బంగారు రంగు వరిచేను ఉందని రాశావు, దాన్ని ఎవరు చేస్తున్నారో రాయలేదు. యజమానులు హైదరాబాదులో ఉంటే ఆ చేను కౌలుకే ఇచ్చి ఉంటారు. కార్తీకమంటే కౌలురైతుకు కోతల కాలం. కోసిన వరి పనల మీద ఉండగా వానపడితే పెట్టుబడి మొత్తం నీళ్ళపాలవుతుంది, కౌలు బస్తాలు మాత్రం లెక్క ప్రకారం కొలవాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన చట్టం ప్రకారం, ఆ పంట చేస్తున్నది తానేనని చూపే సాగుదారు కార్డు అతనికి రావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం పెట్టాలి. మీ చుట్టాల కార్లు అతను కళ్ళం చేసుకునే చోట నిలిపారు, పిల్లలు గట్ల మీద పరుగెత్తారు. గట్టు మీద పాము ఉంటుందని పిల్లలను హెచ్చరించింది కూడా బహుశా అతని భార్యే. ఆ రెండు రోజుల్లో వాళ్ళను ఆకు ముందు కూర్చోబెట్టారా, గిన్నెలో పెట్టి ఇంటికి పంపారా? వనభోజనాలు చాలాచోట్ల కుల సంఘాల సభలుగా మారిన కాలంలో, కుటుంబ భోజనంలోనైనా ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూడకుండా రాయడం నాకు సమ్మతం కాదు.

చిన్న విషయాలు కొన్ని. ముప్పై మందికీ పేర్లు పెట్టకు. వరసలతో పిలిపించు, ఏడెనిమిది మందిని మాత్రం పాఠకుడికి పరిచయం చెయ్యి. నవంబరులో అక్కడ ఐదున్నరకే పొద్దు గుంకుతుంది, నీ కథలో ఆరున్నరకు పిల్లలు ఎండలో ఆడుతున్నారు, అది సరిచెయ్యి. శనివారం రాత్రి అందరూ ఆరుబయట పడుకున్నారన్నావు గాని, ఆ మంచుకు తెల్లారేసరికి దుప్పట్లు పిండుకోవాల్సి వస్తుంది. వాళ్ళను వసారాలోకి మార్చి, దోమతెరలు ఎన్ని ఉన్నాయో, ఎవరికి దక్కలేదో చూడు. మోకాళ్ళ నొప్పులున్న దొడ్డమ్మ ఆ ఒక్క మరుగుదొడ్డి దాకా చీకట్లో ఎలా వెళ్ళిందో కూడా ఆలోచించు. ఇంటివాళ్ళకు ఆ రాత్రి నిద్ర పట్టనిది ఇలాంటి వాటివల్లే.

కథను శుక్రవారం సాయంత్రం, చుట్టాలు ఇంకా రైలెక్కకముందు, మీ అమ్మగారి దగ్గర మొదలుపెట్టి తిరగరాయి. ఈలోగా ఊరికి వెళ్ళగలిగితే కోతలు పూర్తికాకముందే వెళ్ళు, ఆ కౌలురైతుతోనూ, ఇద్దరు అత్తయ్యలతోనూ విడివిడిగా మాట్లాడు. వాళ్ళు చెప్పినదాంట్లో ఏది కథలోకి తేవచ్చో వాళ్ళనే అడుగు. బంధువుల గురించి రాసేవాళ్ళకు ఆ మర్యాద తప్పదు. తిరగరాసిన ప్రతిని సంక్రాంతి లోపు పంపు. చిన్నత్తయ్య సంతకం సంగతి రాయడానికి సంకోచమైతే, ఆ ఒక్క భాగాన్నే ముందుగా పంపినా చదివి జవాబు రాస్తాను.

శుభాకాంక్షలతో.