బడి గోడకి ఏ ఇటుక

చిరంజీవి అమ్మాయికి, పెద్దనాన్న దీవించి రాయునది.

కొండపల్లి వైపు కట్టబోయే బడి భవనం పని నీకిచ్చారని మీ నాన్న చెప్పాడు. ఎస్టిమేట్ ఇంకా పై ఆఫీసుకు పోలేదన్నాడు. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటు బూడిద చెరువు మీకు దగ్గరే. బొగ్గు కాల్చగా మిగిలే ఆ బూడిదను ఇటుకల్లో వాడాలని 1999లోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2021 డిసెంబరు 31న ఇచ్చిన దాని ప్రకారం, బొగ్గు ప్లాంటుకు 300 కిలోమీటర్ల లోపు భవనం కట్టేవాళ్లు, ప్రభుత్వమైనా ప్రైవేటైనా, బూడిద ఇటుకలు గానీ బూడిదతో చేసిన ఇతర సరుకు గానీ వాడాలి. ధర మామూలు సరుకు కన్నా ఎక్కువ కాకూడదన్నదొక్కటే షరతు. ఇది తెలియని ఇంజనీరు లేడు. అయినా కాంట్రాక్టరు తెచ్చేది ఎస్టిమేట్‌లో ఆ పని ఐటమ్ కింద నువ్వు ఏం రాశావో అదే.

ఒక హాస్టల్ పనికి నేను 'ఇటుక కట్టుబడి' అని రాసి వదిలేశాను. పక్క ఊళ్లో రెండు పంటలు పండే చేను మూడడుగులు తవ్వి, ఆ మట్టితో కాల్చిన ఇటుకలు దిగాయి. ఆపుదామంటే అగ్రిమెంటులో ఆధారం లేదు. ఆ చేలో ఇప్పటికీ వానాకాలం నీళ్లు నిలుస్తాయి. అది తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

అందుకని నువ్వు పూర్తిగా రాయి. సిమెంటుతో చేసిన బూడిద ఇటుకైతే భారత ప్రమాణం ఐఎస్ 16720, సున్నంతో చేసిందైతే ఐఎస్ 12894. బలం 7.5 క్లాసుకు తగ్గకూడదు, నీటి పీల్పు 20 శాతం దాటకూడదు. టెస్టు రిపోర్టు లేకుండా లోడు దింపకూడదని కూడా చేర్చు. ఇవన్నీ టెండరుకు ముందే ఉండాలి.

కాగితం మీద ఎంత బాగా రాసినా సరుకు తయారయ్యే చోటికి నువ్వు వెళ్లాల్సిందే. ఆర్డర్లు ఎక్కువైతే కొందరు సరిగా నీళ్లు పట్టకుండానే పచ్చి ఇటుక లారీ ఎక్కిస్తారు. అది గోడలో కుంచించుకుపోయి ప్లాస్టరింగ్ మీద పగుళ్లు తేలతాయి. అప్పుడు ఊరంతా 'బూడిద ఇటుక పనికిరాదు' అంటుంది, తర్వాతి పనికి మళ్లీ బట్టీ ఇటుకే వస్తుంది. తప్పు బూడిదది కాదమ్మా, నీళ్లు పట్టనివాడిది. ప్రతి లాట్ మీద తయారైన తేదీ వేయించు. ల్యాబ్ రిపోర్టు వచ్చేలోగా నువ్వే చూసుకోవచ్చు: ఎండిన ఇటుక మూడు కిలోలుంటే, ఒక రోజు నీళ్లలో నానబెట్టాక మూడు కిలోల ఆరు వందల గ్రాములు దాటకూడదు. దాటితే ఆ లాట్ వెనక్కి పంపు, ఎవరు ఫోన్ చేసినా సరే.

సిమెంటుకు పీపీసీ, అంటే పోర్ట్‌లాండ్ పొజోలానా సిమెంటు అని రాయి. అందులో 15 నుంచి 35 శాతం బూడిదే. మొదట్లో కాస్త నిదానంగా గట్టిపడుతుంది కనుక క్యూరింగ్, అంటే నీళ్లు పట్టడం, పది రోజులకు తగ్గనివ్వకు, కాంక్రీటు కింద సెంట్రింగ్ తొందరపడి విప్పనివ్వకు.

ఇంకొక మాట. బూడిద ఇటుకే కదా అని దూరం నుంచి తెప్పిస్తే లారీల డీజిల్‌కే మనం మిగిల్చింది పోతుంది. దగ్గర్లో ఎన్ని యూనిట్లున్నాయో తిరిగి చూసి, ఏ సరుకు ఎంత దూరం నుంచి వస్తుందో చూపే లీడ్ చార్ట్ వెయ్యి. అది పంపే ముందు ఆదివారం ఇంటికి తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దనాన్న